నీలం గొడుగు

నీలం గొడుగు ఎత్తి పట్టుకుంటే చాలు
ప్రొద్దుటూరు నుంచి వచ్చినోళ్లు నవ్వుతారు:
"వాన యాడుందన్నా?"
వానకు కాదు సామీ, మీరు తప్పిపోకుండా.
ఈ అలవాటు నాది కాదు,
సముద్రం మీద నేర్చుకున్నా.

ఎనిమిదేండ్లు ఓడలో దుప్పట్లు మడిచినా.
మా నాయన దూది ఏకినోడు,
పరుపు మీద అరచెయ్యి ఆనించి
ఎవురు ఏ పక్కకు తిరిగి పండుకుంటారో చెప్పేటోడు.
నేను ఆరో అంతస్తులో
నలభై గదుల పరుపులకు ముడతలు తీసినా.
నాగూరప్ప అనే పేరు వాళ్ల నోట్లో పట్టక
నాగ్ అన్నారు. పలికినా.

ఆ పొద్దు ఓడ గ్రీసు రేవులో ఆగింది.
నీళ్ల సీసాల పెట్టె మోసేదానికి
మనిషి తక్కువైతే నన్ను దింపినారు.
అందరి రొమ్ము మీదా గుండ్రని చీటీ, పద్నాలుగు.
నాకూ ఒకటి ఇచ్చినారు.
పెట్టెకు అతికించినారు.

ముందర గైడమ్మ, చేతిలో నీలం గొడుగు.
"ఇది గుడి" అనింది. చూస్తే మొండి స్తంభాలు,
కోత అయినాక చేన్లో మిగిలిన జొన్న కొయ్యకాళ్లు.
"ఇది అంగడి వీధి." గడ్డి, రెండు మేకలు.
"ఇది స్నానాల శాల." ఒక గుంత.
అందరూ తల ఊపినారు. నేనూ ఊపినా.
లేనిదాన్ని చూపించడం ఎంత పనితనమో
ఆ ఎండలో తెలిసింది.

ఒక గోడ ముందు ఆమె గొంతు తగ్గించింది.
గాజు పలక వెనక, రాతి మీద
కోడి గెలికినట్టు గీతలు.
"రెండు వేల ఏండ్ల నాడు
పని లేని పిల్లోడు ఎవడో
తన పేరు చెక్కుకున్నాడు" అనింది.
ఎన్ని కెమెరాలు! ఒకామె కండ్లు తుడుచుకునింది.
నాకు మాత్రం వీపు చురుక్కుమంది,
గండికోట వాచ్‌మన్ బెత్తం
అంత దూరం వచ్చి తగిలినట్టు.

పదో తరగతి, బి సెక్షన్.
ధాన్యాగారం లోపల, ఎడమ చేతి గోడకు
కాంపాసు ముల్లుతో నేనూ చెక్కినా:
నాగూరప్ప. పక్కన ఇంకో పేరు, సగం.
సగంలో దొరికిపోయినా.
యాభై రూపాయల జరిమానా,
మా నాయన రెండు పరుపులు ఏకిన కూలి.
ఇంటికొచ్చినాక కొట్టలేదు.
"రాయి మెత్తగుండాదా రా?" అని అడిగినాడు.
అంతే.

మోకాళ్లు పట్టేసి బస్సులోనే ఉండిపోయిన
పదకొండో గది ముసలాయన
రాత్రి అడిగినాడు, ఏం చూసినావని.
"ఒక పేరు" అన్నా.
ఇంకా చెప్పాలనుకున్నా.
నాకు వాళ్ల భాష అంతవరకే వచ్చు.

ఇప్పుడు జమ్మలమడుగు బస్టాండులో ఆటో నాది.
మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, పావురాల గూడు,
చివరకు లోయ.
"ఇది సంత" అంటా, కంపచెట్లు చూపించి.
"ఇక్కడ గుర్రాలు నీళ్లు తాగేవంటారు" అంటా.
ఆ "అంటారు" మాత్రం వదిలిపెట్టను.
ఎర్రరాళ్ల నడుమ పెన్న కనపడగానే
ఎవురూ నా మాట వినరు. గొడుగు మూసేస్తా.

ధాన్యాగారంలో చల్లగా ఉంటాది, గబ్బిలాల వాసన.
ఎడమ చేతి గోడకు ఎప్పుడో సున్నం పూసినారు.
నా పేరు లేదు.
అరచెయ్యి ఆనిస్తే
సున్నం కింద "గూ" కొమ్ము
వేలికి తగుల్తాది.

పోయిన ఆదివారం ఒక పిల్లోడు
జోబులో నుంచి మేకు తీసినాడు.
బోర్డు మీద జరిమానా రాసుండాది.
ఇప్పుడది యాభై కాదు.
గోడంతా గుండెకాయలు, బాణాలు, ఫోన్ నంబర్లు.
ఈ గోడకు గాజు పలక పెట్టేవాళ్లు
రెండు వేల ఏండ్లకైనా వస్తారా, ఏమో.
మేకు అడిగి తీసుకున్నా.
వాడు మొగం మాడ్చుకున్నాడు.
బయటికి తీసుకొచ్చి మేకు తిరిగిచ్చినా,
ఆటో వెనక రేకు చూపించి.
"ఈడ గీకు. లోతుగా గీకు."

తుప్పు పట్టేదాకా ఉంటాది.
"సు" కొమ్ము వంకర పోయింది, అంతే.

"ఓబులేసు ఎవురన్నా, నీ కొడుకా?"
ప్రొద్దుటూరోళ్లు అడుగుతారు.
గొడుగు తెరుస్తా.
"ఇట్లా రాండి," అంటా,
"ముందర జైలు."